ఎనిమిదింటికి కన్ను కొట్టే టీవీ

అక్టోబరు 4, సోమవారం

ముప్పై ఏండ్లు లాగ్‌బుక్కులో ఒకటే రాసినా. ఆన్ చేసిన టైము, ఆఫ్ చేసిన టైము, పక్కన ‘అంతా సవ్యం’, కింద ఇనాయతుల్లా అని సంతకం. ఈ పొద్దు కూడా అదే రాసి వచ్చినా. సవ్యంగా ఏమీ లేదు గనక ఇంటికొచ్చి ఈ పాత డైరీ తీసినా. దీని మీద సంవత్సరం వేరే. వారాలు కొట్టేసి నేనే రాసుకుంటా.

ఆఫీసు నుంచి కాగితం వచ్చింది. ఈ నెల ముప్పై ఒకటి, ఆదివారం, మధ్యాహ్నం పన్నెండుకు గిద్దలూరు కొండ మీది మా టీవీ రిలే స్టేషన్ మూత. యాంటెనాతో బొమ్మ పట్టుకునే పాత పద్ధతి తీసేస్తున్నారు, ఇంక అంతా డిజిటలే. మేం వాడుకుంటున్న ఆరో నంబరు ఛానల్ ఖాళీ చేసి అప్పజెప్పాలంట, అద్దె ఇల్లు ఖాళీ చేసినట్ల.

కాగితంతో పాటు ఒక ఫారం. ‘మీ పరిధిలో యాంటెనా మీదే ఆధారపడిన ఇండ్లు ఎన్ని?’ ఆ గడి నింపి నేనే సంతకం పెట్టాలి.

ఉంటాయి. ఎందుకుండవు? చుట్టూ ఎన్ని పల్లెలు. నా రిటైర్మెంటు జూన్‌లో. ఒక పది ఇండ్లు చూపిస్తే ఈ మూత ఎనిమిది నెలలు ఆపలేరా?

మా ఇంటామె చాంద్‌బీ ఫోన్ చేయలేదు. నేనూ చేయలేదు.

అక్టోబరు 5, మంగళవారం

ఆమె ఇల్లు విడిచి పోయి రెండు నెలలు కావొస్తుంది. ఆగస్టు ఎనిమిదిన మా కూతురు హుమేరా వచ్చి మార్కాపురం తీసకపోయింది. హుమేరాది వాళ్ళమ్మ నోరే. ‘అమ్మీ కండ్లల్లో పొరలు ఇంత ముదిరేదాంక ఎట్ల ఊరుకున్నావు అబ్బా?’ అనింది.

నేను ఊరుకోలేదు. ఆపరేషన్‌కు మూడుసార్లు తేదీ పెట్టించినా. ఒకసారి ట్రాన్స్‌మిటర్‌లో పవర్ సప్లై కాలిపోయింది. ఒకసారి కరోనా. ఒకసారి ఇన్‌స్పెక్షన్ అన్నారు, వాళ్ళు రానేలేదు. స్టేషన్‌లో ఉన్నోళ్ళంతా బదిలీలు చేయించుకొని పోతే మిగిలింది నేనూ, వాచ్‌మన్ లింగయ్యా. లింగయ్య చేతికి ట్రాన్స్‌మిటర్ ఇచ్చి పోవాల్నా?

పోయేటప్పుడు చాంద్‌బీ గడప కాడ నిలబడి ‘నీ పెండ్లాం కొండ మీద ఉంది, దాన్నే చూసుకో’ అనింది. మేం ఇంట్లో మాట్లాడుకునేది ఉర్దూలో. తెలుగులో రాస్తే ఆమె మాటల్లో సగం కారం తగ్గుతుంది. అయినా మండుతానే ఉంది.

అక్టోబరు 7, గురువారం

మోటారు సైకిల్ మీద మూడు పల్లెలు తిరిగినా. యాంటెనాలు పదకొండు దొరికినాయి. ఒకదాని మీద చిక్కుడు తీగ పాకించినారు, కాయలు బాగా కాసినాయి. నాలుగింటి మీద బట్టలు ఆరేసినారు. ఒకటి కోతుల్ని బెదిరించను పాత చొక్కా తొడిగి నిలబెట్టినారు. ఇంకోటి కాడ ఇంటాయన్ను అడిగితే ‘ఏమో సాయిబన్నా, మా నాయన కట్టినాడు, తీయను నిచ్చెన లేక అట్లనే ఉంది’ అన్నాడు.

వాటి వైరు ఏ టీవీకీ పోదు.

ఒకప్పుడు వాటిల్లో సగం నేను తిప్పి పెట్టినవే. మిద్దె మీద నేను, కింద ఇంటోళ్ళు. ‘వచ్చిందా?’ ‘రాలే.’ ‘ఇప్పుడు?’ ‘కొంచెం! కొంచెం! అయ్యో పాయె!’ బొమ్మ కుదిరినాక ఇంటోళ్ళు మజ్జిగ ఇచ్చేటోళ్ళు. ఒక్కో ఆదివారం ఎంత మజ్జిగ తాగినానో, కడుపు కుండ మాదిరి అయ్యేది.

అక్టోబరు 10, ఆదివారం

ఆదివారం. ఊరికే కూచుంటే పాతవన్నీ మీద పడతాయి.

స్టేషన్ పెట్టిన కొత్తలో మాకు ఎంత మర్యాద! నేను బజార్లో పోతుంటే ‘టీవీ సాయిబు’ అని లేచి నిలబడేటోళ్ళు. ఆదివారం సినిమా మధ్యలో ఎవరిదో ఉపన్యాసం పడితే పదిమంది కర్రలు తీసుకొని కొండెక్కి వచ్చినారు, సినిమా నేనే దాచిపెట్టుకున్నానని. ఢిల్లీ నుంచి వచ్చేది మేం పట్టుకొని వదులుతామంతే అని ఎంత చెప్పినా వినరు. చివరికి లోపలికి పిలిచి మిషన్ చూపించినా. ఒకాయన ట్రాన్స్‌మిటర్‌కు దండం పెట్టి, టెంకాయ తీసకరానందుకు నొచ్చుకొని దిగినాడు.

అప్పుడు మా ఇంట్లో ఫోన్ లేదు. కొండ మీద ఎలుగుబంట్లు ఉండేవి. నా డ్యూటీ మధ్యాహ్నం రెండు నుంచి పదకొండు. హుమేరా కడుపులో ఉంది. చాంద్‌బీ నేను తిరిగొచ్చేదాంక బువ్వ ముట్టేది కాదు, ఏడుస్తా కూచునేది. అప్పుడు నాకొక ఉపాయం తోచింది. రాత్రి సరిగ్గా ఎనిమిదికి ప్రసారం ఒక్క సెకను ఆపి వదులుతా. టీవీలో బొమ్మ ఆరి వెలుగుతుంది. అట్ల అయిందంటే నేను బువ్వ తిన్నా, బాగున్నా, నువ్వూ తిను అని అర్థం.

ఉద్యోగం పోయే పని. తెలుసు. ఒక్క సెకను గదా అనుకున్నా. ఆ సెకను కోసం ఒంగోలు నుంచి ఇంజనీర్లు మిషన్‌లో తప్పుందనుకొని రెండుసార్లు వచ్చి మంచి పార్టులు తీసేసి కొత్తవి వేసిపోయినారు. నేను పక్కనే నిలబడి టార్చిలైటు పట్టినా.

ఫోన్లు వచ్చినాక కూడా మానలేదు. ఆమె వద్దనలేదు, నేను మానలేదు. ఇంటికి రాగానే ‘చూసినావా?’ అంటా. ‘చూసినా’ అంటుంది. అంతే. ఆ తర్వాతే చెప్పులు విడుస్తా.

ఆగస్టు ఎనిమిదిన ఆమె పోయినప్పటి నుంచి మానేసినా. మార్కాపురం దాకా మా బొమ్మ పోదు. ఎవరికోసం చేయాలి?

అక్టోబరు 12, మంగళవారం

దొరికింది. ఒక ఇల్లు దొరికింది.

కొండకు అవతల పల్లె చివర. యాంటెనా చూడగానే తెలిసిపోయింది. రాగి తీగతో బిగించి కట్టినారు, కొస సరిగ్గా మా టవర్ మీదికే ఉంది. అంత సంతోషం నాకు హుమేరా పుట్టినప్పుడు కలిగింది, మళ్ళా ఈ పొద్దే.

ముసలామె పేరు కొండమ్మ. వసారాలో మంచం మీద ఆమె భర్త మాలకొండయ్య. ఆయనకు మూర్ఛ. గూట్లో నల్లదీ తెల్లదీ బొమ్మ వచ్చే పాత టీవీ.

‘డిష్ పెట్టుకోలేదా పెద్దమ్మా?’ అన్నా.

‘మా మనవడు రాజేషు పెడతానన్నాడు నాయనా. నేనే వద్దన్నా. డిష్షులో టీవీ కన్ను కొట్టదు గదా.’

నేను గూట్లో టీవీ పక్కకు తిరిగినా. ‘ఏంది కొట్టనిది?’

‘కన్ను. ఎనిమిదికి ఒక్కసారి కన్ను కొడుతుంది చూడు, ఆరి వెలుగుతుంది. అది చూసి ఈయనకు మాత్ర ఏస్తా. నాకు గడియారం చూడను రాదు. ఎన్నో ఏండ్ల నుంచి అదే నా గడియారం. ఏమైందో ఏమో, రెండు నెల్ల నుంచి కొట్టడం మానేసింది. వినాయక చవితి ముందు దానికోసం చూసీ చూసీ కునుకు పట్టింది. మాత్ర ఏయలా. తెల్లారి ఈయన ఫిట్సొచ్చి మంచం మీంచి పడినాడు. ఇదో చూడు.’

మాలకొండయ్య నుదుటి మీద ఏలెడు మచ్చ. ఇంకా ఎర్రగానే ఉంది.

‘నువ్వు టీవీ ఆఫీసరువు గదా. ఆ ఢిల్లీ వాళ్ళకు చెప్పి మళ్ళా కన్ను కొట్టించు నాయనా, నీకు పుణ్యముంటుంది’ అనింది.

నీళ్ళు అడిగి తాగినా, బండెక్కి వచ్చినా. ఎనిమిదికి బటన్ నొక్కినా.

అక్టోబరు 13, బుధవారం

అలిగింది నేను. చాంద్‌బీ మీద. దెబ్బ తగిలింది మాలకొండయ్యకు.

ఫారంలో ఒకటి అని రాసినా. పక్కన ఎర్ర సిరాతో ‘వైద్య అవసరం’ అని కూడా రాసినా. రాసేటప్పుడు నాకు సంతోషంగా ఉండింది. ఛీ. ముసలాయన తల పగిలిందని సంతోషమా? కాదు. ఒక ఇల్లు ఉందని. రెండూ ఒకటే అయితే నేనేం చేయను?

ఎనిమిదికి నొక్కినా.

అక్టోబరు 14, గురువారం

ఆఫీసుకు ఫోన్ చేసి చెప్పినా. పెద్ద సారు మర్యాదగానే మాట్లాడినాడు. ‘ఒక్క ఇంటి కోసం ఛానల్ ఉంచుతామా ఇనాయతుల్లా గారూ? ఆమెకొక అలారం గడియారం ఇప్పించండి’ అన్నాడు.

నాకు తోచలేదు, చూడు. ముప్పై ఏండ్ల సర్వీసు. ఆ మాట నాకు తోచనే లేదు.

అక్టోబరు 16, శనివారం

గిద్దలూరు బజార్లో అలారం గడియారం కొన్నా. రోజూ ఎనిమిదికి మోగేటట్ల పెట్టి కొండమ్మకు ఇచ్చినా. ఆమె దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి ‘దీన్నెట్ల నమ్మేది?’ అనింది.

‘ముప్పై ఒకటి తర్వాత టీవీ రాదు పెద్దమ్మా. ఇదే దిక్కు.’

‘ఇంకా పదైదు దినాలుంది గదా. టీవీ కన్ను కొట్టేదీ, ఇది మోగేదీ సరిపోతే అప్పుడు నమ్ముతా.’

నా గడియారానికి నేనే పోటీ.

అక్టోబరు 17, ఆదివారం

పొద్దున్నే పోతే కొండమ్మ వాకిట్లోనే నిలేసింది. ‘నీది అబద్ధాల గడియారం. టీవీ కన్ను కొట్టి, నేను మాత్ర ఏసి, ఆయన నీళ్ళు తాగినాక తీరిగ్గా మోగింది.’

నా చేతి గడియారం చూసి పెట్టినా, అది రెండు నిమిషాలు వెనక. స్టేషన్ గడియారంతో సరిచేసి ఇచ్చినా. ఆమె మాటకు నాకు కోపం రాలేదు, గర్వంగా ఉండింది. మా స్టేషన్ టైము అట్లాంటిది.

అక్టోబరు 19, మంగళవారం

మిలాదు పండగ. నమాజు చేసి వచ్చినా. ఇంట్లో ఒక్కణ్ణే. బొరుగులతో ఉగ్గాని చేసుకుంటే ఉప్పు ఎక్కువైంది.

హుమేరా ఫోన్ చేసింది. ఒంగోలు నుంచి కండ్ల డాక్టరు ఆదివారాలే మార్కాపురం వస్తాడంట. చాంద్‌బీకి కుడి కన్ను ఆపరేషన్ ముప్పై ఒకటిన పొద్దున పదకొండుకు.

‘ముప్పై ఒకటా? ఆరోజే ఇక్కడ మూసేది అమ్మా. నా చేతులతో ఆపకపోతే ఎట్ల? పై ఆదివారం పెట్టించు’ అన్నా.

హుమేరా నిదానంగా చెప్పింది. ‘కంట్లో పొర పూర్తిగా ముదిరింది, ఏడాది ముందు తెచ్చింటే బాగుండేది, ఇప్పుడు చూపొస్తుందని నమ్మకం చెప్పలేను అన్నాడు డాక్టరు. అమ్మీ నీకు చెప్పొద్దనింది. ఇష్టముంటే రా, లేకుంటే నీ స్టేషన్ నువ్వు చూసుకో అబ్బా.’ పెట్టేసింది.

ఏడాది ముందు ఏముండింది? ఇన్‌స్పెక్షన్. రాని ఇన్‌స్పెక్షన్.

అక్టోబరు 20, బుధవారం

స్విచ్ ఆపడం రెండు నిమిషాల పని. ఎవరైనా చేస్తారు. కానీ మొదటిరోజు ఆన్ చేసింది నేను గదా. వేరేవాళ్ళ చేతి మీద ఎట్ల పోనిచ్చేది?

అక్టోబరు 22, శుక్రవారం

వరసగా ఐదు రోజులు గడియారం, టీవీ సరిపోయినాయి. కొండమ్మ పాస్ చేసింది. ‘ఇంక నీ డబ్బా ఆపుకోపో నాయనా’ అని టీ పెట్టింది.

నాకు మనసు ఆగలేదు. ‘పెద్దమ్మా, ఆ కన్ను కొట్టింది ఢిల్లీ వాళ్ళు కాదు. నేనే.’

‘నువ్వా? ఎందుకు?’

‘మా ఇంటామెకు. బువ్వ తిన్నా, బాగున్నా అని చెప్పను.’

ఆమె నోరు తెరిచి అట్లనే చూసింది. తర్వాత ఒకటే నవ్వు. ‘ఓరి నీ అసాధ్యం కూలా! ఏమయ్యో, ఇన్నావా? సాయిబు కన్ను కొట్టింది మనకు గాదంట! ఆయన పెండ్లానికంట! మధ్యన మనం మాత్ర ఏసుకున్నాం!’ మంచం మీద మాలకొండయ్య కూడా పండ్లు లేని నోరుతో నవ్వినాడు. నేనూ నవ్వినా. నవ్వి చాలా దినాలైంది.

నుదుటి మీద మచ్చ సంగతి కూడా చెప్పినా. అలిగి మానేసినా, అందుకే అట్ల అయింది, క్షమించమని. ఆమె చేయి ఊపింది. ‘పోనీలే. నేను నిద్రపోయినందుకు నీదా తప్పు?’ అనింది. నాదే. ఆమె అనలేదంతే.

‘ఇంతకీ ఎందుకు మూస్తుండారు?’ అని అడిగింది. గాలిలో కూడా దారులు ఉంటాయి పెద్దమ్మా, కొలిచి ఒక్కొక్కరికి ఒక్కో దారి ఇస్తారు, ఒకరి దారిలోకి ఇంకొకరు వస్తే రెండు బొమ్మలూ చెడతాయి, మాది ఆరో నంబరు దారి, ఇప్పుడు ఖాళీ చేయించి వేరే పనికి పెట్టుకుంటారు అని చెప్పినా.

‘గాలిక్కూడా పట్టా కాగితాలా!’

‘ఆ. ముప్పై ఏండ్లు ఆ దారి గట్టు ఇంత కూడా జరగకుండా కాపాడినా.’

‘బాగుంది. ఆ బిడ్డ ఎట్లుంది? మీ ఇంటామె?’

చెప్పినా. కండ్ల సంగతి, మూడు తేదీల సంగతి, ముప్పై ఒకటి సంగతి. కొండమ్మ నవ్వు ఆపేసింది.

‘గాలి గట్టు కాయను ముప్పై ఏండ్లు దొరికినాయి. పెండ్లాం కండ్లు చూపించను మూడు దినాలు దొరకలేదా నాయనా నీకు?’

టీ సగంలో వదిలేసి వచ్చినా. నాకు చెప్పొచ్చేదా ఈమె.

అక్టోబరు 23, శనివారం

ఆఫీసు నుంచి ఇంజనీరు వచ్చింది. ఆ పిల్ల పేరు ఫెబీ అంట. ముప్పై కూడా ఉండవు. మూసే పని చూసుకోను ముందుగా పంపినారు. ల్యాప్‌టాప్ పెట్టి ట్రాన్స్‌మిటర్ లోపల అది తనంతట తాను రాసుకునే లెక్కంతా బయటికి తీసింది. ఈ మిషన్ పన్నెండేండ్ల కింద వచ్చింది, దానికొక లాగ్‌బుక్కు ఉందని తెలుసు. ఎవరూ చదవరులే అనుకున్నా.

‘సార్, రోజూ ఎనిమిదికి ఒక్క సెకను ఆఫ్ అయింది. పన్నెండేండ్లుగా. ఆగస్టు ఎనిమిది నుంచి లేదు. అక్టోబరు పన్నెండు నుంచి మళ్ళా ఉంది. ఏంది సార్ ఇది?’

‘లోడ్ టెస్ట్’ అన్నా, నోటికొచ్చిన మాట.

నన్ను చూసింది. తెరను చూసింది. ‘మీ లాగ్‌బుక్కులో రాయలేదు సార్.’

‘మర్చిపోయినా.’

‘పన్నెండేండ్లా సార్?’

కిటికీ లోంచి గిద్దలూరు చూస్తా నిలబడినా. ఆ పిల్ల ల్యాప్‌టాప్ మూసింది. రిపోర్టులో రాయనులే అని మెల్లగా చెప్పింది. నా కూతురి ఈడు పిల్ల నా మీద జాలి పడడం నచ్చలేదు.

అక్టోబరు 25, సోమవారం

చాంద్‌బీకి ఫోన్ చేసినా. రెండున్నర నెలల్లో మొదటిసారి. ఏం మాట్లాడాలో తెలియక కొండమ్మ కథంతా చెప్పినా. నీ కోసం కొట్టిన కన్ను ఒక ముసలాయన ప్రాణం కాపాడింది చూడు, అని కొంచెం గొప్పగానే చెప్పినా. సంతోషిస్తుంది అనుకున్నా.

 ‘ఒక మాట చెబుతా, కోపం తెచ్చుకోవద్దు’ అనింది.

‘చెప్పు.’

‘నేను ఏడేండ్ల నుంచి చూడలేదు.’

అల్లుడు ఫయాజుకు మార్కాపురంలో డిష్షులు బిగించే దుకాణం. ఏడేండ్ల కింద మా ఇంటికి కూడా తెచ్చి బిగించినాడు. నేను వద్దంటే వినలేదు. నువ్వు మామూలుగా డిష్ చూసుకో, ఎనిమిదికి మాత్రం వైరు మార్చి యాంటెనా పెట్టుకో అని చాంద్‌బీకి నేర్పించినా. సరే అనింది.

‘కొత్తలో కొన్ని దినాలు మార్చినా. తర్వాత టీవీ వెనక ఆ సందు కనపడలేదు. తడుముకున్నా వైరు కుదిరేది కాదు. కండ్లు అప్పుడే మొదలైనాయి.’

‘రోజూ చూసినా అన్నావు గదా!’

‘అన్నా.’

‘ఎందుకు?’

‘చూడలేదంటే నువ్వు కొట్టడం మానేస్తావని. నాకు కనపడకపోతే ఏం? ఎనిమిదికి నీకు నేను గుర్తొస్తా గదా. అది చాలనుకున్నా.’

ఏడేండ్లు రోజూ అడిగినా, చూసినావా అని. ఆమె కండ్లను ఒక్కరోజు చూడలేదు నేను. గ్లాసు తడుముకోవడం చూసినా. గడప తట్టుకోవడం చూసినా. ముసలితనం అనుకున్నా. లేదు, అదీ అబద్ధమే. తెలుసు. తెలిస్తే లీవు పెట్టాలి గదా, అందుకని తెలుసుకోలేదు.

ఫోన్ పెట్టేముందు ‘వస్తావా?’ అని అడిగింది. ఆమె అట్ల అడగడం ఎప్పుడూ వినలేదు. చూస్తాలే అన్నా. ఏ నోటితో అన్నానో.

అక్టోబరు 26, మంగళవారం

రాయను.

అక్టోబరు 28, గురువారం

ఫారంలో ఒకటి కొట్టేసి సున్నా రాసినా. నిజమే గదా. కొండమ్మకు గడియారం ఉంది. ఎనిమిదికి నొక్కలేదు. ఆ టైముకు ఫోన్ చేసినా. చాంద్‌బీ ‘బువ్వ తిన్నావా?’ అనింది. తిన్నా అని చెప్పినా, నువ్వు తిన్నావా అని అడిగినా. ఇది నేనెప్పుడూ అడగలేదు. మా ఏర్పాటులో నా సంగతి ఆమెకు తెలిసేది. ఆమె సంగతి నాకు తెలిసే దారే పెట్టలేదు.

అక్టోబరు 30, శనివారం

ఫెబీ మళ్ళా వచ్చింది, రేపటికి. తాళాలు ఆ పిల్ల చేతిలో పెట్టినా.

‘అదేంది సార్? రేపు మీరే ఆపాలి గదా. ఫోటో కూడా తీయాలన్నారు.’

‘మా ఇంటామెకు కండ్ల ఆపరేషన్ తల్లీ. రేపే.’

‘ముందే చెప్పింటే ఇంకో తేదీ అడిగేవాళ్ళం గదా సార్.’

‘ఇట్లాంటి తేదీలు మూడు దాటించినా. చాలు.’

ఆ ఎనిమిదింటి సంగతి కూడా చెప్పినా. రిపోర్టులో రాసుకోమన్నా, అది నిజం గనక. ఆ పిల్ల విని ‘సరే సార్, రాస్తా. కారణం మాత్రం మీరన్నట్ల లోడ్ టెస్టే రాస్తా’ అని నవ్వింది. మంచి పిల్ల. మొన్న ఊరికే విసుక్కున్నా.

ట్రాన్స్‌మిటర్ కాడ కాసేపు నిలబడినా. వెచ్చగా ఉంది. చేయి పెట్టినా. ఏడుపొచ్చింది, ఏడ్చినా. లింగయ్య బయట బీడీ కాలుస్తా చూడనట్ల ఉన్నాడు. లాగ్‌బుక్కులో ‘అంతా సవ్యం’ రాయబుద్ధి కాలేదు. ఆన్ టైము రాసి, ఆఫ్ టైము ఖాళీ పెట్టి సంతకం చేసినా.

సాయంత్రం బస్సుకు కంభం మీదుగా మార్కాపురం.

అక్టోబరు 31, ఆదివారం

పదకొండుకు అన్నారు. లోపలికి తీసకపోయేసరికి పదకొండున్నర. ఆమె చెప్పులు నా చేతికిచ్చి పోయింది. అరిగిపోయి ఉన్నాయి. ఒకదానికి పిన్నీసు. ఎప్పటి నుంచి పిన్నీసుతో నడుస్తుందో.

హుమేరా బెంచీ మీద తస్బీ పూసలు తిప్పుతా కూచుంది. ఫయాజ్ ‘కూచో మామా’ అంటాడు, కూచుంటే మళ్ళా లేస్తా. అల్లా, ఆ కన్ను ఇవ్వు, నాది ఒకటి తీసుకో అనుకున్నా. నాకు ఇంకొకటి ఉంటుంది గదా.

బయటికి తెచ్చినప్పుడు కంటికి కట్టు. డాక్టరు ‘చేయాల్సింది చేసినాం. రేపు విప్పినాక తెలుస్తుంది’ అన్నాడు. చాంద్‌బీ గాలిలో చేయి చాపింది. పట్టుకున్నా.

తర్వాత ఫయాజ్ నా ఫోన్ తెచ్చి ఇచ్చినాడు. ఫెబీ నుంచి రెండు కాల్స్, ఒక మెసేజ్. ‘పన్నెండుకు ఆపేసినాను సార్. ఛానల్ ఖాళీ.’ పన్నెండు ఎప్పుడు దాటిందో నాకు తెలియదు. చెప్పులు పట్టుకొని నిలబడి ఉంటా.

నవంబరు 1, సోమవారం

పొద్దున తొమ్మిదికి కట్టు విప్పినారు. డాక్టరు వేళ్ళు చూపించి ‘ఎన్నమ్మా?’ అన్నాడు. చాంద్‌బీ చెప్పలేదు. హుమేరా నా చొక్కా పట్టుకుంది.

చాంద్‌బీ డాక్టరు చేతిని పక్కకు నెట్టింది. ‘ఉండు నాయనా. ముందు ఆ మనిషిని ఇట్ల రమ్మను’ అనింది.

పోయినా. ఇంకా దగ్గరికి అనింది. వంగినా. కండ్లు చికిలించి నా మొగం చూస్తా ఉంది, చూస్తానే ఉంది. ఆ ఎర్రటి కంట్లో నీళ్ళు కారుతున్నాయి.

‘గడ్డం ఇట్ల గీసుకుంటారా ఎవరైనా? ఎడమ పక్క దవడ కింద ఇంత మేర వదిలేసినావు. ఎన్నాండ్ల నుంచి ఇట్ల తిరుగుతున్నావు ఊరంతా?’

తడుముకున్నా. నిజమే. దవడ కింద వేలి మందాన వెంట్రుకల పట్టీ. నాకు తెలియదు. ఫెబీ చూసింది, కొండమ్మ చూసింది, ఆఫీసోళ్ళు చూసినారు. ఒక్కరూ చెప్పలేదు. అట్లాంటివి చెప్పేది ఎప్పుడూ ఆమే.

ఏడుపు ఆగలేదు. అంతమందిలో, పెద్దగా, చిన్నపిల్లోడి మాదిరి ఏడ్చినా. హుమేరా బెదిరిపోయి ‘ఏమైంది? అమ్మీకి కనపడలేదా?’ అని అరిచింది.

‘కనపడకేం’ అనింది చాంద్‌బీ. ‘అందుకే ఏడుస్తున్నాడు.’

హుమేరా ఇంటికొచ్చినాక ఫయాజ్ రేజరు అడిగి తీసుకుంది. పండుకోమంటే వినలేదు. నన్ను కిటికీ కాడ కుర్చీలో కూచోబెట్టి ఆమే గీసింది. రెండు చోట్ల తెగింది. కదలకుండా కూచున్నా.